వెండితీగ, పొణికికర్ర, పాత యిత్తడి

కాశికి బోయినవారు గంగచెంబును, తిరుపతికి బోయినవారు ఎఱ్ఱచందనపు బొమ్మలను తెచ్చుకొనుట మన యిండ్లలో తరతరములనుండి వచ్చుచున్న యాచారము. వేములవాడ రాజరాజేశ్వరుని, ధర్మపురి నరసింహస్వామిని, బాసర సరస్వతీదేవిని సేవించుటకై ఏటేట వేలకొలది కుటుంబములు ఉత్తర తెలంగాణమునకు బోవుచున్నవి. బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసము చేయించి, గోదావరిలో మునిగి, ప్రసాదము మూటగట్టుకొని తిరిగి వచ్చుచుందురు. కాని ఆ త్రోవలకు చేరువనే మూడు తావుల మూడు విధములైన చేతిపనులు సాగుచున్నవనియు, ఒక్కపూట ఆగినచో పనివారి సమక్షముననే వానిని చూచి కొనవచ్చుననియు ఎఱిగినవారు కొలదిమందియే. అవి కరీంనగరపు వెండితీగపని, నిర్మల్ కొయ్యబొమ్మలు, ఆదిలాబాదు అడవిపల్లెల ఇత్తడిపోత.

పాత పటములు చూచి బయలుదేరువారికి ఒక సూచన. 2016 వ సంవత్సరము అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వము జిల్లాలను పునర్విభజించినది. వెనుకటి ఆదిలాబాదు జిల్లాలోనుండి నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాలు వేరుపడినవి. కరీంనగరము నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. నేను ఈ వ్యాసమున జిల్లాల పేరులు చెప్పునపుడు పాత హద్దులనే మనసులో నుంచుకొన్నాను. పనివారు హద్దులు మారినంతమాత్రమున మారలేదు గదా!

ఈ మూడు పనులకును ఒక పోలిక కలదు. మూడింటియందును ముడిసరుకు స్వల్పము, చేతిపని అపారము. ఒక కుంకుమభరిణెలో పట్టు వెండి పిడికెడైన నుండదు. పొణికికర్ర తలుపునకు పనికిరాదు, దూలమునకు పనికిరాదు. అడవిపల్లెలలో కరగించు ఇత్తడి, మన యటుకలమీద పడియుండు పగిలిన చెంబులవంటి పాత సరుకే. కాబట్టి తూకమును బట్టియో సరుకును బట్టియో వెల కట్టుటకు అలవాటుపడిన మన కన్నులు ఈ బజారులలో తఱచుగా పొరబడును. ఇట్టి వస్తువు కొనుటకు ముందు, అది ఎట్లు పుట్టినదో ఒక గంటసేపు కూర్చుండి చూడవలెనని నా మనవి.

కరీంనగరమునకు వెండితీగపని ఎలగందుల నుండి వచ్చినది. ఎలగందుల మానేటి చెంత కొండకోట గల పాత ఊరు. నిజాము పరిపాలనలో జిల్లాకు ముఖ్యస్థానము అదియే. 1905 లో ఆ కచ్చేరీలు కరీంనగరమునకు మారినవి. అధికారులను, సంపన్నులను ఆశ్రయించి బ్రదుకు పనివారును క్రమముగా వారి వెంబడి తరలిరి. నేడు ఎలగందులలో కోటగోడలను, మసీదు మినారులను చూడవచ్చును. తీగపనికి మాత్రము కరీంనగరమునకే రావలెను.

పనివాని ముందర నుండు సామగ్రి చూచిన ఆశ్చర్యము కలుగును. ఒక చిన్న దాగలి, సుత్తి, కుంపటి, ఊదుగొట్టము, శ్రావణము, కమ్మచ్చు. కమ్మచ్చనగా ఒకదానికంటె ఒకటి చిన్నవగు రంధ్రములు వరుసగా గల ఉక్కుపలక. వెండిని మూసలో కరగించి, కడ్డీగా పోసి, సాగగొట్టి, ఆ కడ్డీ కొనను పెద్ద రంధ్రమున దూర్చి అవతలినుండి లాగుదురు. పిదప దానికంటె చిన్న రంధ్రమున, పిదప ఇంకను చిన్నదానియందు. లాగినకొలది తీగ బిరుసెక్కును. బిరుసెక్కినదానిని నిప్పుమీద కాచి మెత్తబఱచి మరల లాగుదురు. వెండిలో కల్తీ హెచ్చుగ నున్నచో ఈ లాగుడునకు తాళలేక తీగ తెగిపోవును. అందువలన ఈ పనికి మేలిమి వెండినే వాడవలసియుండును. ఇట్లు లాగిలాగి తుదకు వెండ్రుకతో పోల్చదగినంత సన్నని తీగ దిగును.

అంతటితో ముగియలేదు. అట్టి తీగలు రెండింటిని కలిపి త్రాడువలె పురివేసి, ఆ పురిని అణచి బల్లపరుపు చేయుదురు. అణచిన తీగ అంచున, చీరయంచున నేసిన రుద్రాక్షలవలె, సన్నని నొక్కులు తేలును. దీపపు వెలుగు సోకినపుడు వస్తువంతయు తళతళలాడుటకు ఈ నొక్కులే కారణము. నున్నని వెండికి ఆ మెఱుపు రాదు.

ఇక కూర్పు. మొదట కొంచెము లావుపాటి తీగతో ఆకు, నెమలి, పూవు మొదలగువాని చట్రము వంచుదురు. ఆ చట్రపు గడులలో సన్నని తీగను శ్రావణముతో పట్టి చుట్టలుగా, సుడులుగా, చింతాకులుగా వంచి, ఒకదాని నొకటి ఒరసికొనునట్లు నింపుదురు. అన్నియు నిలిచిన పిదప వెలిగారమును, టంకపు పొడిని చల్లి, ఊదుగొట్టముతో మంట నూదుదురు. మంట చాలనిచో అతుకు పట్టదు. ఒక్కింత హెచ్చినచో దినముల తరబడి వంచిన తీగ ఒక్క క్షణమున ముద్దయై కూర్చుండును. ఈ యొక్క ఘట్టమున పనివాడు మాటలాడడు. చూచువారును మాటలాడకుండుట మంచిది. తరువాత మసినంతను వదలించి, కుంకుడుకాయ నురుగుతో కుంచెపెట్టి రుద్ది కడుగుదురు. అప్పుడు వెండి పాలనురుగు వన్నె దేరును.

నవాబుల కాలమున ఈ పనివారు అత్తరుదానులు, పన్నీరుబుడ్లు, పాన్‌దానులు చేసెడివారు. వివాహములందు అతిథుల చేతికి పన్నీరు చిలుకరించుట, అత్తరు పూయుట గొప్పయింటి మర్యాద. ఆ మర్యాదకు తగిన పాత్రలు కావలసియుండెను. నేడు అత్తరుదాని కొనువారు అరుదు. అందుచేత కుంకుమభరిణెలు, గంధపుగిన్నెలు, చెవిదుద్దులు, పతకములు, గోడకు తగిలించు పటములు, చార్మినారు నమూనాలు చేయుచున్నారు. పని యొక్కటియే, రూపము మారినది. చెవిదుద్దుల జతకంటె వెనుకటి పాన్‌దానియందే ఈ విద్యయొక్క విస్తారము కనబడునని నా యభిప్రాయము. కాని దుద్దులు కొనువారుండుటవలననే పనివాని కుంపటి వెలుగుచున్నదని కూడ ఒప్పుకొనవలెను.

ఇక్కడనే మన యాడువారి చిక్కు వచ్చును. వెండియంగడిలో మనము మొదట నడుగు ప్రశ్న, "తులమెంత?" అని. అది తప్పని నేననను. కడవలు, కంచములు, పట్టీలు కొనునపుడు అది సరియైన ప్రశ్నయే. అవి ఇంటి నిల్వధనము. ఆపద వచ్చినపుడు అమ్మిన, మజూరి పోయినను వెండి వెల చేతికి వచ్చును. తీగపనిని మాత్రము నిల్వధనముగ నెంచి కొన్నచో నిరాశ తప్పదు. చెల్లించిన సొమ్ములో పెద్దభాగము పనికి, చిన్నభాగము వెండికి. తిరిగి అమ్మబోయిన వర్తకుడు పని నెఱుగడు, వెండినే తూచును. అందుచేత ఆ వస్తువును పట్టుచీరను కొన్నట్లు కొనవలెను గాని కడ్డీని కొన్నట్లు కాదు. ఇటీవలి సంవత్సరములలో వెండి ధర మిక్కిలి పెరుగుటచే ఈ చిక్కు ఇంకను ముదిరినది. వస్తువు వెల పెరిగినదని కొనువారు వెనుదీయుచున్నారు. ఆ పెరిగినది వెండి వెలయే గాని పనివాని కూలి కాదు. వెండి కొని పెట్టుకొనుటకు వానికి పెట్టుబడియు హెచ్చుగ కావలెను. తూకము తగ్గించుకొనుటకై సన్నని తీగతో చిన్న వస్తువు చేసిన పని తగ్గదు, పెరుగును.

నిజమైన తీగపనిని గుర్తించుట కష్టము కాదు. వెలుగున కెదురుగా పట్టి చూడుడు. తీగల నడుమ వెలుతురు జల్లెడలోనుండి వచ్చినట్లు రావలెను. అంచున పురినొక్కులు కనబడవలెను. జతలోని రెండు దుద్దులును అచ్చుగ్రుద్దినట్లు ఒక్కతీరున నుండి, సుడులు మైనపుముద్దవలె నున్నగా నున్నచో అది అచ్చుపోత. అచ్చుపోత చెడ్డదని కాదు; దాని వెల వేరు. ఒరిస్సాలోని కటకమునందును తారకశి యను పేర ఇట్టి పని ప్రసిద్ధమై యున్నది. రెండును ఎదుట నుంచుకొని పోల్చు నవకాశము కలిగినవారు అదృష్టవంతులు.

కరీంనగరమునుండి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగ ఆర్మూరు చేరి, అక్కడ ఉత్తరముగ తిరిగి పెద్ద రహదారిని పట్టినచో గోదావరిని దాటి నిర్మల్ చేరుదుము. పోచంపాడు జలాశయము దారికి చేరువనే యున్నది. వానలు మెండుగ కురిసిన యేడు అక్కడ నీటిని చూడక ముందుకు సాగుట పిల్లలతో కుదరదు.

నిర్మల్ పట్టణమున కోటలు, బురుజులు కలవు. ఒకప్పుడు ఇచ్చట నిజాము సైన్యమునకు ఫిరంగులు పోతపోసిరి. ఫిరంగులు పోసిన యూరిపేరు చెప్పిన నేడు మనకు కొయ్యమామిడిపండు స్ఫురించుట చూడగా, కాలము అప్పుడప్పుడు మంచిపనియు చేయునని తోచును.

ఇచ్చటి పనివారిని నకాషీలందురు. వారు వాడు పొణికికర్ర మిక్కిలి తేలికయైనది, మెత్తనిది. ఉలికి వెన్నవలె లొంగును, ఆరినపిదప పగులదు. కర్రను బాగుగ ఆరబెట్టి, వలయు రూపునకు చెక్కి, కాలు, తోక, ముక్కు మొదలగు భాగములను వేరువేరుగ చేసి, చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికింతురు. అతుకులను, పల్లములను ఆ ముద్దతోనే పూడ్చి నునుపు చేయుదురు. దానిపై సుద్దపూత. సుద్ద ఆరినపిదప మరల రుద్దుట, మరల పూయుట. కొయ్య కనబడనంతవఱకు ఈ పని సాగును. రంగు వేయుట తుదిమెట్టు మాత్రమే. చూచువారికి రంగే కనబడును. దాని క్రింది సుద్దపూతయే రంగును నిలుపును. గోడకు సున్నము సరిగా వేయనిచో రంగు నిలువదని గృహిణులకు వేఱుగ చెప్పనక్కరలేదు.

పూర్వము రంగులను మన్నులనుండి, ఆకులనుండి తీసెడివారు. బంగారము లేకుండనే బంగారువన్నె తెచ్చు ఆకుపసరు రహస్యము నకాషీల సొత్తని ప్రతీతి. ఒక నిజాము ఈ యూరికి వచ్చినపుడు ఆయనపై బంగారు పూరేకులను కురిపించిరనియు, అవి నిజముగ బంగారమే యని ఆయన భ్రమించెననియు ఒక కథ చెప్పుదురు. కథ చక్కనిది. నేటి బొమ్మలకు మాత్రము అంగడిలో దొరకు మెఱుగు రంగులనే వాడుచున్నారు. కాబట్టి ఏదైనను నోట బెట్టుకొను పసిపిల్లల చేతికి వీనిని ఇయ్యకుండుట మేలు. వారికి ఎత్తుగ నుంచి చూపింపవలెను.

నిర్మల్ పనిలో రెండు శాఖలు కలవు. ఒకటి బొమ్మలు: పండ్లు, కూరగాయలు, పక్షులు, జంతువులు. కొండపల్లివారు దశావతారములను, ఏనుగు అంబారీలను, పల్లెవాసులను మలచుటలో ప్రసిద్ధులైనట్లు, నిర్మల్‌వారు పండునందును పక్షియందును దిట్టలు. సీతాఫలపు కన్నులు, అరటిపండుపై నల్లమచ్చ, మామిడి తొడిమకడ పసుపు ఎఱుపులో కలిసిపోవు తీరు, వీనిని చూచిన చేయి దానంతట అదియే చాచబడును. చేత బట్టినపుడు ఆ తేలికదనము చూచి నవ్వు వచ్చును. రెండవశాఖ చిత్తరువులు. పలకలమీదను, పళ్లెములమీదను, పీటలు, పెట్టెలమీదను నల్లని నేలపై బంగారువన్నెతో, అజంతా రీతులను, మొగలు రీతులను అనుసరించి వ్రాయుదురు. పూర్వకాలపు బైఠకుఖానాలకు అవి తగియుండెను. నేటి చిన్న ఇండ్లకు నల్లని పెద్ద పలకలకంటె బుట్టెడు కొయ్యపండ్లే యొప్పునని నాకు తోచినది. ఇందులో ఎవరి రుచి వారిది.

పట్టణమున పనివారి సహకారసంఘము కలదు. అచ్చటనే పనిశాల, అచ్చటనే విక్రయశాల. చెక్కువారు ఒకవైపు, రుద్దువారు ఒకవైపు, రంగులు వేయువారు ఒకవైపు కూర్చుందురు. రంగుల పనిలో స్త్రీలు కూడ కలరు. చూడవచ్చిన పిల్లలు అడుగు ప్రశ్నలకు వీరు విసుగుకొనక బదులు చెప్పుదురు. ఎవరి పని ఎంతయని మనము కొను వస్తువుపై వ్రాసియుండదు. ఒక చిలుక చేతికి వచ్చులోపల ఎన్ని చేతులు మారినదో పనిశాలలో నిలిచి లెక్కించుకొన్నచో వెల చీటీ వేఱుగ కనబడును.

ఈ పనికి నేడు రెండు కష్టములు. మొదటిది కర్ర. పొణికి తోటలలో పెరుగు చెట్టు కాదు; అడవినుండి రావలెను, అడవిశాఖవారి యనుజ్ఞతో రావలెను. అడవి తరిగినకొలది చెట్టు దూరమగుచున్నది. చెట్టు నాటి పెంచిననే గాని రాబోవు తరమునకు బొమ్మ లేదు. చెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును, పనివాని యింట పొయ్యి నేడే వెలుగవలెను. రెండవది ప్లాస్టికు బొమ్మ. ఒకే అచ్చున గంటకు వందలు దిగు బొమ్మతో, ఒక్కొక్క ముక్కును చెక్కి అతికించు బొమ్మ వెలలో పోటీ చేయజాలదు. దారిపొడుగున దుకాణములలో నిర్మల్ పేరిట అమ్మునవన్నియు నిర్మల్‌వి కావు. చేతబట్టి తూచి చూడుడు: బరువుగ నున్నచో పొణికి కాదు. అడుగుభాగమును గోటితో మీటిన కొయ్యకు గల మెత్తని చప్పుడు రావలెను.

నిర్మల్ దాటి ఉత్తరముగ పోవ పోవ నేల ఎత్తగును, టేకు అడవులు దగ్గరపడును. గుడిహత్నూరు కడ పెద్ద రహదారిని విడిచి కుడివైపునకు మరలినచో ఇంద్రవెల్లి, ఉట్నూరు, వానిని దాటిన జైనూరు. ఇది గోండుల దేశము. జైనూరు, కెరమెరి ప్రాంతములలోని ఉషేగావ్, కెస్లాగూడ మొదలగు పల్లెలలో వోజులు అను పనివారు నివసింతురు. గోండులకు కావలసిన దేవతాప్రతిమలు, గంటలు, అందెలు, దీపములు వీరే పోతపోయుదురు. దీనిని పైవారు డోక్రా పని యందురు.

దీని పద్ధతి వినుటకు సులభము, చేయుటకు దుర్లభము. మన్నులో ఊకయో పేడయో కలిపి మెదిపి, వస్తువు లోపలి రూపమును చేసి ఆరబెట్టుదురు. తేనెమైనమును బంకతో కలిపి కాచి, సేమియావలె సన్నని పోగులు తీసి, ఆ మంటిరూపుపై ప్రక్కప్రక్కన చుట్టుదురు. కన్ను, ముక్కు, నగలు, నెమలి పింఛము, అన్నియు మైనపు పోగులే. జడలు వేయుటకు, ముగ్గులు పెట్టుటకు అలవాటుపడిన చేతులకు ఈ పని వెంటనే తెలియును. వోజుల యిండ్లలో స్త్రీలు దీనియందు పాల్గొనుట సహజమే. పిదప దానిపై మెత్తని మన్ను, ఆపైన గరుకుమన్ను మెత్తి, ఒక్క ద్వారము విడిచి మూసివేయుదురు. నిప్పులో కాల్చిన మైనము కరగి పోవును. మైనము విడిచిన సందులో కరగిన ఇత్తడిని పోయుదురు. చల్లారినపిదప మంటిపెంకును పగులగొట్టవలెను. లోపల ఏమి పుట్టినదో అప్పటివఱకు ఎవరికిని తెలియదు. ఒకచోట గాలి నిలిచినచో నెమలికి మెడ యుండదు. ఆ యిత్తడిని మరల మూసలో వేయుటయే. పెంకు పగిలినది గనుక ఆ రూపము మరల రాదు. అందువలన ఇట్టి వస్తువులు రెండు ఒక్కతీరుగ ఉండవు. మొహెంజోదారోలో 1926 లో బయల్పడి నేడు ఢిల్లీ జాతీయ ప్రదర్శనశాలలో నున్న నాట్యకత్తె ప్రతిమయు ఇట్లు మైనము కరగించు పద్ధతినే పోసినది. నాలుగువేల యేండ్లకు పైబడిన విద్య జైనూరు అడవిలో పూరియింటి ముంగిట ఇంకను సాగుచున్నది.

ఆ పల్లెలకు పోవువారు తగిన మర్యాద పాటింపవలెను. అది అంగడి కాదు, వారి యిల్లు. పెద్దవారిని పలుకరించి, అనుమతి యడిగిన పిదపనే ఛాయాచిత్రములు తీయవలెను. దేవతలకై చేసినవానిని అమ్ముమని ఒత్తిడి చేయరాదు. అమ్మునట్టివి వేరుగ నుంచుదురు. దారి చెప్పగల స్థానికులు తోడుండుట మేలు. జైనూరునకు దగ్గరనే మార్లవాయి యను పల్లె యున్నది. 1940 ప్రాంతమున ఆస్ట్రియాదేశపు పండితుడు హైమెండార్ఫ్ తన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో వచ్చి అచ్చట నివసించి గోండుల జీవితమును పరిశీలించెను. ఆ దంపతుల స్మారకములు ఆ పల్లెలోనే యున్నవి.

పల్లెలకు పోజాలనివారు పుష్యమాసమున కేస్లాపూర్ జాతరకు పోవచ్చును. ఇంద్రవెల్లికి సమీపమున నున్న ఈ యూర గోండులలో మెస్రం వంశమువారు నాగోబాను కొలుతురు. పుష్య బహుళ అమావాస్యనాటి రాత్రి మహాపూజ. గోదావరి జలమును కాలినడకన తెత్తురు. పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేయుదురు. ఆ వంశమునకు క్రొత్తగా వచ్చిన కోడండ్రు తెల్లచీరలు ధరించి దేవుని ఎదుటను, పెద్దల యెదుటను నిలుచు వేడుక యొకటి కలదు. దానిని భేటి యందురు. ఆ భేటి కానిదే కోడలు వంశపూజలో పాల్గొనరాదు. జాతర చుట్టును పెద్ద సంత సాగును. గాజులు, పూసలు, ఇనుపసామగ్రి, పాత్రలు, మిఠాయిలు, వీని నడుమ చేతిపనులు. రాష్ట్రమున మిక్కిలి చలిగల ప్రాంతమిది. పుష్యమాసపు రాత్రి పిల్లలకు కంబళ్లు లేనిదే గడువదు.

ఇక బేరముమాట. మన స్త్రీలు బేరమాడుటలో ఘనులు. బట్టలయంగడిలో సగమునకు అడుగుదుము, ముప్పాతికకు తెగును. వర్తకుడు ఆ పాతికను ముందే కలిపి చెప్పియుండును గనుక ఎవరికిని నష్టము లేదు. పనివాని చాపమీద ఈ లెక్క చెల్లదు. అతడు చెప్పు వెలలో సరుకు పోను మిగులునది అతని దినకూలి. సగమునకు అడిగినపుడు మనము తగ్గించునది వెండిని కాదు, కర్రను కాదు, ఇత్తడిని కాదు. వాని వెల బజారు నిర్ణయించినది, అది తగ్గదు. తగ్గునది కూలి మాత్రమే. సాయంకాలము బస్సుకు బియ్యముతో తిరిగి పోవలసినవాడు ఆ తగ్గుదలకును ఒప్పుకొనును. ఒప్పుకొన్నాడు గనుక గిట్టినదని మనము అనుకొందుము. అట్లని చెప్పినంత ఇచ్చి రమ్మని నేను చెప్పుట లేదు. ఒక వస్తువు చేయుటకు ఎన్నినాళ్లు పట్టునో అడుగుడు. ఆ నాళ్లకు మన యూర తాపీపనివాని కెంత యిత్తుమో తలచుకొనుడు. అప్పుడు వెల హెచ్చో తగ్గో మీకే తెలియును. జాలిపడి కొనవలదు, జాలితో కొన్న వస్తువు అటుక యెక్కును. నచ్చినది, ఇంట వాడుకొనదగినది ఒక్కటి కొనుడు.

నడిమి వర్తకులను దూషించుటయు వాడుకయైనది. హైదరాబాదులోని గోల్కొండ విక్రయశాలలందును, శిల్పారామమునందును ఇవే వస్తువులు హెచ్చు వెలకు దొరకును. అంగడి అద్దె, దారిఖర్చు, దారిలో విరిగినవాని నష్టము ఆ వెలలోనే కలవు. అడవిదాక పోలేని వృద్ధురాలికి అంగడియే గతి. అంగడి లేనిచో పనివానికి జాతరల నడుమనున్న నెలలలో గతి లేదు.

1999 నాటి చట్టము ననుసరించి, ఒక ప్రాంతమునకు చెందిన ప్రసిద్ధవస్తువునకు భౌగోళిక గుర్తింపు నిచ్చుచున్నారు. కరీంనగరపు వెండితీగపనికిని, నిర్మల్ బొమ్మలకును ఆ గుర్తింపు వచ్చినది. ఆదిలాబాదు డోక్రాకు 2018 లో లభించినది. ఇతర ప్రాంతములవారు ఆ పేరు పెట్టి అమ్మరాదని దాని భావము. పేరును కాపాడుటకు చట్టము చాలును. కొనువారి చేతులలో నకిలీని తిరస్కరించు తెలివి లేనిచో ఆ పేరు చీటీమీదనే యుండును. కొన్నపుడు రసీదు అడుగుడు, అందు ఊరిపేరును పనిపేరును వ్రాయించుకొనుడు.

తెచ్చినవానిని కాపాడుకొనుట గూర్చి నాలుగు మాటలు. వెండితీగను గాలి తగులనీయక మెత్తని గుడ్డలో చుట్టి పెట్టెలో నుంచవలెను. నలుపెక్కినచో కుంకుడురసములో నానవేసి మెత్తని కుంచెతో తేల్చవలెనేగాని ముగ్గుపిండితో తోమరాదు, పురినొక్కులు అరుగును. కొయ్యపండ్లకు నీరు తగులనీయరాదు; పొడిగుడ్డతో దుమ్ము దులిపిన చాలును, ఎండకు పెట్టిన రంగు వెలయును. ఇత్తడిబొమ్మను చింతపండుతో తోమవచ్చును, గాని పల్లములలోని నలుపును ఊడబెరుకరాదు. మైనపు పోగుల జాడ కంటికి తెలియుట ఆ నలుపువలననే.